గ్రేట్ కోఆలా నేషనల్ పార్క్ వస్తే సామిల్లు వాళ్ల సంగతేంటి? మీరైతే ఎటువైపు?

బైపాస్_ఇంజనీర్ (కాఫ్స్ హార్బర్)

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరాన కాఫ్స్ హార్బర్‌లో ఉంటాను, ఇక్కడి హైవే బైపాస్ పనిలో సివిల్ ఇంజనీర్‌ని. ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, 2027 మార్చిలో జరిగే రాష్ట్ర ఎన్నికల్లో మొదటిసారి ఓటేస్తాను, అందుకని ఈ పార్కు విషయం సరిగ్గా తెలుసుకుని ఒక అభిప్రాయానికి రావాలనుకుంటున్నాను. ఇక్కడ తెలుగువాళ్లం కొద్దిమందిమే. కలిసినప్పుడు ఈ మాట ఎత్తితే "మనకెందుకు లెండి, వాళ్ల గొడవ వాళ్లు చూసుకుంటారు" అంటున్నారు. ఇక్కడే ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని ఇక్కడే బడికి పంపుతూ ఆ మాట ఎలా అనగలమో నాకైతే అర్థం కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం సంగతి చెప్తాను. కెంప్సీ నుంచి గ్రాఫ్టన్ దాకా సముద్రం వెనక ఉన్న కొండ అడవుల్లో కొంత ఇప్పటికే నేషనల్ పార్కులు, కొంత స్టేట్ ఫారెస్ట్. స్టేట్ ఫారెస్ట్ అంటే ప్రభుత్వ అడవే, కానీ అందులో విడతలవారీగా చెట్లు కొట్టి దుంగలు మిల్లులకి అమ్ముతారు. 2025 సెప్టెంబర్ 7న ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) క్రిస్ మిన్స్ ప్రభుత్వం 1,76,000 హెక్టార్ల స్టేట్ ఫారెస్ట్‌ని ఉన్న పార్కులకు కలిపి మొత్తం 4,76,000 హెక్టార్లతో గ్రేట్ కోఆలా నేషనల్ పార్క్ చేస్తామని ప్రకటించింది. మన లెక్కలో పదకొండున్నర లక్షల ఎకరాల పైమాటే. ఆ హద్దుల్లో 12,000కు పైగా కోఆలాలు (యూకలిప్టస్ చెట్ల మీద బతికే జంతువులు), 36,000 గ్రేటర్ గ్లైడర్లు (చెట్టు నుంచి చెట్టుకి గాలిలో జారుతూ వెళ్లే జంతువులు), ఇంకా ప్రమాదంలో ఉన్న వందకు పైగా జాతులు ఉన్నాయని చెప్పారు. ప్రకటన వచ్చింది ఆదివారం, అది ఇక్కడ ఫాదర్స్ డే. సోమవారం నుంచే ఆ హద్దుల్లో సహజ అడవి నరకడం ఆపేశారు. మనుషులు నాటిన తోటలకి ఈ నిషేధం లేదు.

ప్రభుత్వ లెక్క ప్రకారం ఈ ప్రాంతంలో ఇరవై దాకా మిల్లులు ఉంటే ఆరింటి మీద, సుమారు 300 ఉద్యోగాల మీద దెబ్బ పడుతుంది. వాళ్లకి కోవిడ్ అప్పుడు పని ఆగినవాళ్ల జీతాలకి ప్రభుత్వం ఇచ్చిన జాబ్‌కీపర్ సాయం తరహాలో డబ్బు, ఉచితంగా ట్రైనింగ్, లాయరు సలహా, ఇవన్నీ ఇస్తామన్నారు. పార్కుకి 2023 ఎన్నికల ముందు 80 మిలియన్ డాలర్లు అన్నారు, ఇప్పుడు ఇంకో 60 మిలియన్లు కలిపారు.

మా పక్కింటాయన దుంగలు తోలే లారీ నడుపుతాడు. సొంత లారీ, లోను మీద కొన్నది. తెల్లవారుజామున మూడింటికి స్టార్ట్ చేసేవాడు, ఆ చప్పుడుకి మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది. ఇప్పుడా లారీ ఖాళీ ట్రైలర్ వీపున వేసుకుని పగలంతా ఇంటి ముందే ఉంటోంది. ఆయన మిల్లులో జీతగాడు కాదు, అడవి కొట్టే కాంట్రాక్టరు దగ్గర జీతగాడూ కాదు, ట్రిప్పుకింత అని బిల్లు పెట్టుకునే మనిషి. కంచె దగ్గర నిలబడి నన్ను అడిగాడు, "ఆ మూడొందల్లో నేనున్నానా లేనా?" అని. నేనేం చెప్పను?

నాకు అడవి అంటే ఇష్టమే. పిల్లల్ని తీసుకుని డోరిగో వైపు వెళ్తుంటాం, బొంగిల్ బొంగిల్ నేషనల్ పార్కులో తలెత్తి చెట్ల కొమ్మల మధ్య కోఆలాల కోసం వెతుక్కుంటాం. కానీ ఆయన మొహం చూశాక పార్కు కావాలని గట్టిగా అనలేకపోతున్నాను. నరకడం ఆపకపోతే కోఆలాలు నిజంగానే పోతాయా? ఆపితే ఈ మనుషులకి నిజంగా వేరే పని దొరుకుతుందా? మిగతా రాష్ట్రాల్లో ఇలాంటిది చూసినవాళ్లు ఉంటే చెప్పండి, పేపర్లలో ఎవరి వాదన వాళ్లది.

ట్రారల్గన్_లక్ష్మి

నేను విక్టోరియాలో గిప్స్‌లాండ్‌లో ఉంటాను, ఆసుపత్రిలో నర్సుని. మాకు ఇది అయిపోయిన కథ కాబట్టి చెప్తాను, కాస్త పెద్దగానే రాస్తాను ఓపిగ్గా చదవండి.

మా దగ్గర 2019లో అప్పటి ప్రీమియర్ డానియల్ ఆండ్రూస్ 2030 కల్లా సహజ అడవి నరకడం ఆపేస్తామన్నారు. పదేళ్లు టైముంది కదా అని జనం సర్దుకుంటున్నారు. ఈలోగా పర్యావరణ సంఘాలు కోర్టుకి వెళ్లాయి. 2022 నవంబర్‌లో విక్టోరియా సుప్రీం కోర్టు తీర్పులో, చెట్లు కొట్టే ముందు ఆ ముక్కలో గ్లైడర్లు ఉన్నాయేమో పద్ధతిగా వెతకాలి, ఉంటే వాటికి తగినంత అడవి వదలాలి అని వచ్చింది. అంత వెతికి, అంత వదిలాక కొట్టడానికి మిగిలేది తక్కువ. దాంతో దుంగల సరఫరా దాదాపు ఆగిపోయింది. మా పక్కనే మేరీవేల్ పేపర్ మిల్లు ఉంది, ఆఫీసుల్లో వాడే రిఫ్లెక్స్ తెల్లకాగితం అక్కడే తయారయ్యేది. చెక్క రాక 2023 ఫిబ్రవరిలో తెల్లకాగితం చేయడం పూర్తిగా మానేశారు. అదే ఏడాది మేలో ప్రభుత్వం 2030 కాదు, 2024 జనవరి 1 నుంచే బంద్ అని చెప్పేసింది.

అప్పుడు ఈ కుటుంబాల్ని ఆసుపత్రిలో చూశాను. పేర్లూ వివరాలూ చెప్పకూడదు, చెప్పను. కానీ ఒకటి చెప్పగలను, వాళ్లని ఎక్కువ నలిపేసింది మూత పడడం కాదు, ఎప్పుడు మూత పడుతుందో తెలియకపోవడం. కొందరికి ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చారు, నెలల తరబడి. బయటివాళ్లకి అదృష్టంలా కనిపిస్తుంది. యాభై దాటిన మనిషి పొద్దున్నే లేచి బూట్లు వేసుకోవడానికి పని లేకుండా, వేరే ఉద్యోగం వెతుక్కుంటే సాయం ఆగిపోతుందేమో అన్న భయంతో ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో నేను చూశాను. నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, మందు మొదలవుతుంది.

డబ్బు విషయానికొస్తే ప్రభుత్వం చాలానే ఖర్చు పెట్టింది. చెట్లు కొట్టే కాంట్రాక్టర్లలో కొందరిని అదే యంత్రాలతో అడవి దారుల మరమ్మతుకి, కార్చిచ్చు పనులకి పెట్టుకున్నారు, అది నిజంగా మంచి పని. మా దగ్గర మంటలు లేస్తే ముందు కొండెక్కేది వాళ్ల బుల్డోజర్లే, ఏ చెట్టు ఎటు పడుతుందో తెలిసింది వాళ్లకే. ఆర్బోస్ట్ లాంటి మారుమూల ఊరికీ మా ట్రారల్గన్‌కీ తేడా కూడా చూడాలి. ఇక్కడ ఒక మిల్లు పోతే ఇంకో ఫ్యాక్టరీ ఉంది, ఆసుపత్రి ఉంది. ఆర్బోస్ట్‌లో ఇరవై కుటుంబాలు వెళ్లిపోతే బళ్లో ఒక టీచరు పోస్టు పోతుంది, ఫుట్‌బాల్ క్లబ్బుకి టీం నిండదు.

అయినా నా మాట అడిగితే, నరకడం ఆపడం సరైనదే. ఆపిన తీరు సరిగ్గా లేదు. మీ ప్రభుత్వం మా దగ్గర చూసి నేర్చుకోవాల్సింది, ఆదివారం చెప్పి సోమవారం ఆపారంటే ఏం నేర్చుకున్నట్టు?

ఎస్టిమేటర్_సిడ్నీ

లక్ష్మి గారు చెప్పింది బాగుంది, కానీ నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను. భవన నిర్మాణంలో కలప లెక్కలు వేసే ఉద్యోగం నాది.

జనం అనుకునేది ఏంటంటే ఈ అడవి చెక్కతో ఇళ్లు కడతారని. కాదు. ఆస్ట్రేలియాలో కొట్టే కలపలో దాదాపు తొంభై శాతం ఇప్పటికే తోటల నుంచే వస్తుంది, ఇంటి ఫ్రేముకి వాడేది ట్యూమట్, ఓబరాన్ వైపు పెంచే పైన్. పార్కు వస్తే ఇళ్ల ధరలు పెరుగుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. అయితే సహజ అడవి నుంచి వచ్చే గట్టి చెక్క వేరే రకం. బ్లాక్‌బట్, స్పాటెడ్ గమ్, టాలోవుడ్, ఐరన్‌బార్క్. కరెంటు స్తంభాలు, చెక్క వంతెనల దూలాలు, రేవుల్లో నీళ్లలో నిలబడే గుంజలు, వరండా బల్లలు, ఇంట్లో ఫ్లోరింగ్ వాటితో చేస్తారు. 2019-20 కార్చిచ్చుల్లో ఈ రాష్ట్రంలో వేల కరెంటు స్తంభాలు కాలిపోయాయి. అన్నిటినీ వారాల్లో మళ్లీ నిలబెట్టాలంటే ఆ దుంగలు ఎక్కడినుంచి తెస్తారు? ఇప్పుడు చెక్క కాకుండా కృత్రిమ పదార్థాలతో చేసే కాంపోజిట్ స్తంభాలు వస్తున్నాయి, వాటిని పెంచాలి, ఒప్పుకుంటాను.

నా అసలు బాధ వరండా బల్లల దగ్గర. సిడ్నీలో కొత్త ఇంటికి వెనక డెక్ వేయించుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది మెర్బావ్. ఎర్రగా ఉంటుంది, వాన పడితే రంగు కారుతుంది, అది ఇండోనేషియా, మలేషియా అడవుల నుంచి వస్తుంది. ఇక్కడ బ్లాక్‌బట్ ఆపితే జనం డెక్ మానేయరు, మెర్బావ్ ఇంకొంచెం కొంటారు. ఇక్కడైతే కనీసం ఏ వాగు పక్కన ఎన్ని మీటర్లు వదలాలి, తొర్రలున్న చెట్లు ఎన్ని ఉంచాలి అని నిబంధన ఉంది, తప్పితే కోర్టు ఉంది. మన కంటి ముందు అడవి పచ్చగా ఉంటే చాలు, సముద్రం అవతల ఏమైనా పర్వాలేదనుకోవడం నాకు న్యాయంగా కనిపించదు.

మిల్లులకి 2028 దాకా కలప ఇస్తామని ఒప్పందాలు ఉన్నాయి కూడా. వాటిని నమ్మి రంపాలు, ఆరబెట్టే గదులు కొన్నవాళ్లు ఉన్నారు.

అడవి_విద్యార్థి (ఆర్మిడేల్)

యూనివర్సిటీలో వన్యప్రాణుల మీద చదువుతున్నాను. ఎస్టిమేటర్ గారూ, నిబంధనలు ఉన్నాయన్నారు, నిజమే, ఆ నిబంధనలు తప్పినందుకు స్టేట్ ఫారెస్టులు చూసే ప్రభుత్వ సంస్థకే కోర్టు జరిమానాలు పడ్డాయి, డోరిగో దగ్గరి వైల్డ్ క్యాటిల్ క్రీక్ అడవిలో కాపాడాల్సిన చోట చెట్లు కొట్టినందుకు కూడా. కాబట్టి కాగితం మీద ఉన్నదంతా కొండ మీద జరుగుతోందనుకోకండి.

ఇంజనీర్ గారి మొదటి ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే అంత తేలిక కాదు. 2020లో రాష్ట్ర పార్లమెంటు విచారణ కమిటీ, ఏమీ చేయకపోతే 2050 లోపే ఈ రాష్ట్రంలో కోఆలాలు అంతరించిపోతాయని తేల్చింది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, కాన్‌బెర్రా ప్రాంతాల కోఆలాలని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. కానీ కారణాలు చాలా ఉన్నాయి. పొలాలకీ ఇళ్లకీ అడవి చదును చేయడం, కార్లు, కుక్కలు, క్లమీడియా జబ్బు, కార్చిచ్చులు. చెట్లు కొట్టడం వాటిలో ఒకటి. రాష్ట్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలే ఈ ఉత్తర తీరపు అడవుల్లో రాత్రిపూట మగ కోఆలాల అరుపులు రికార్డు చేసే పరికరాలు పెట్టి చూసి, కొట్టిన అడవుల్లోనూ కొట్టని అడవుల్లోనూ అవి కనిపించే తీరులో పెద్ద తేడా లేదని రాశారు. కలప పరిశ్రమ వాళ్లు ఎప్పుడూ చూపించేది అదే, అది అబద్ధమేం కాదు. దాని మీద నా అభిప్రాయం ఏంటంటే, అరుపు వినిపించిందంటే అక్కడ ఒక కోఆలా ఉందని తెలుస్తుంది, కానీ ఎన్ని ఉన్నాయి, పిల్లలు బతుకుతున్నాయా, ఎండలు ముదిరితే తట్టుకుంటాయా అన్నది ఆ ఒక్క లెక్కతో తేలదు.

నన్నడిగితే ఈ పార్కు అసలు అవసరం కోఆలా కన్నా గ్లైడర్‌కి ఎక్కువ. పేరు కోఆలాది పెట్టారు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లి అంత ఉంటుంది, పొడుగాటి కుచ్చు తోక, రాత్రి టార్చి వేస్తే కళ్లు తెల్లగా మెరుస్తాయి, ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టుకి వంద మీటర్ల దాకా గాలిలో జారుతూ వెళ్తుంది. పగలు పడుకోవడానికి దానికి తొర్ర కావాలి, ఒకటి కాదు, మార్చి మార్చి పడుకోవడానికి చాలా తొర్రలు కావాలి. యూకలిప్టస్‌లో అది పట్టేంత తొర్ర పడాలంటే వందేళ్లు దాటాలి. కొమ్మ విరగాలి, లోపల చెద పట్టాలి, మెల్లగా గుల్ల అవ్వాలి. కొట్టిన అడవి మళ్లీ పెరుగుతుంది, నిజమే, ముప్పై ఏళ్లకి పచ్చగా నిండుగా కనిపిస్తుంది, ఆకు కూడా దొరుకుతుంది. తొర్ర మాత్రం ఉండదు. మనవడి కాలానికి కూడా ఉండదు. అందుకని "కొంచెం కొంచెం కొట్టుకుందాం" అనే మధ్యేమార్గం కోఆలాకి సరిపోతుందేమో గాని గ్లైడర్‌కి సరిపోదు.

ఉద్యోగాల సంగతి. ఈ అడవి కొట్టి లాభం ఏమైనా వస్తోందా అంటే స్టేట్ ఫారెస్టులు చూసే ఆ ప్రభుత్వ సంస్థలో గట్టి చెక్క విభాగం నష్టాల్లో ఉంది, 2023-24లో 29 మిలియన్ డాలర్ల నష్టం. అంటే ఇప్పటికే జనం పన్నుల డబ్బు ఈ ఉద్యోగాల మీద పెడుతున్నాం. ఆ డబ్బేదో నేరుగా ఆ మనుషులకే పెట్టొచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది గుంబయింగిర్ అనే ఆదివాసీ ప్రజల నేల. పార్కులో వాళ్ల చేతికి నిర్వహణలో నిజమైన భాగం, ఉద్యోగాలు వస్తాయా అన్నది నేను చూస్తాను, బోర్డుల మీద వాళ్ల భాషలో పేర్లు రాసి ఊరుకుంటే సరిపోదు.

బైపాస్_ఇంజనీర్ (కాఫ్స్ హార్బర్)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. తొర్రల సంగతి నాకు తెలియదు, అది చదివాక నా ఆలోచన కొంత మారింది.

కానీ టూరిజం గురించి ఎవరూ అనలేదేంటి? ఇక్కడ పార్కు కావాలనేవాళ్లు చెప్పేది అదే. 2021లో న్యూకాజిల్ యూనివర్సిటీ చేసిన అధ్యయనంలో పార్కు వస్తే పదిహేనేళ్లలో సుమారు 9,800 ఉద్యోగాలు అన్నారు. ఇది విన్నప్పుడు నేను పక్కింటాయన్ని ఊహించుకుంటాను. ముప్పై ఏళ్లుగా కొండ మలుపుల్లో అన్ని టన్నుల దుంగలు తోలిన మనిషి కాఫీ షాపులో నిలబడతాడా, శని ఆదివారాల జీతంతో లోను కడతాడా? ఉద్యోగాల సంఖ్య పెరగొచ్చు, కానీ అవి ఆయనకి వచ్చే ఉద్యోగాలు కావు.

ఆయన కాంట్రాక్టరు పరిస్థితి ఇంకా ఘోరం. చెట్టుని పట్టుకుని, కోసి, కొమ్మలు చెక్కేసి, పొడవు కొలిచి ముక్కలు చేసే హార్వెస్టర్ యంత్రం ఉంటుంది, అలాంటివి రెండు ఆయనకి ఉన్నాయట. ఇక్కడ పనంతా ఒకేసారి ఆగితే వాటిని కొనేవాడెవడు? అందరూ ఒకేరోజు అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది, బ్యాంకు లోను మాత్రం అంతే ఉంటుంది. ఆరు మిల్లులు, 300 ఉద్యోగాలు అనే లెక్కలో ఈ యంత్రాల అప్పు ఎక్కడుందో నాకు కనిపించలేదు.

సత్తుపల్లి_శ్రీను

అన్నా, నేను ఖమ్మం జిల్లావాడిని, ఇప్పుడు బ్రిస్బేన్‌లో ఉంటున్నా. మా ఇంటికి ఆరెకరాల జామాయిల్ తోట ఉంది కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

మన దగ్గర 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక, పేపర్ మిల్లులు అడవి మీద పడకుండా రైతుల దగ్గర చెట్లు పెంచించుకుని కొనుక్కోవాలి అన్నారు. మా దగ్గర సారపాకలో ఉన్న పేపర్ మిల్లు వాళ్లు క్లోన్ మొక్కలు తయారుచేసి రైతులకిచ్చారు, వాటినే భద్రాచలం క్లోన్లు అంటారు. మా నాన్న మొదట్లో భయపడ్డాడు, పక్కవాళ్ల తోట నాలుగేళ్లకి కోతకి రావడం చూశాక వేశాడు. తర్వాత 1996 డిసెంబర్‌లో మన సుప్రీంకోర్టు దేశమంతా అడవుల్లో నరకడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది, ఈశాన్య రాష్ట్రాల్లో సామిల్లులు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పటికే తోటలున్న మా వైపు పేపర్ మిల్లుకి ఆ దెబ్బ అంతగా తగల్లేదు. తోట ముందు, నిషేధం తర్వాత. ఆ వరస ముఖ్యం అని నా ఉద్దేశం.

జామాయిల్ ఆస్ట్రేలియా చెట్టే కదా. వాళ్ల చెట్టుని మేము పొలంలో పెంచి కోసుకుంటుంటే, వాళ్లు మాత్రం వందేళ్ల అడవిలోకి ఎందుకు వెళ్లాలి? ముప్పై ఏళ్ల కింద ఖాళీ పడిన పశువుల మేత భూముల్లో గట్టి చెక్క తోటలు వేసి ఉంటే ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు.

అట్లని మాదంతా బాగుందని చెప్పను. ధర పడిపోయిన ఏడు రైతు ఏడుస్తాడు, భూమిలో నీళ్లు లాగేస్తుందని పక్క చేను వాళ్లు తిడతారు, జామాయిల్ తోటలో పిట్ట కూడా సరిగా వాలదు. అది అడవి కాదు, పంట.

ఎస్టిమేటర్_సిడ్నీ

శ్రీనూ, నీ తోట నాలుగేళ్లకి వచ్చేది కాగితం గుజ్జుకి పనికొచ్చే చెక్క. కరెంటు స్తంభానికి పనికొచ్చే దుంగ కావాలంటే ముప్పై, నలభై ఏళ్లు ఆగాలి. ఏ రైతూ అంతకాలం పెట్టుబడి పెట్టి కూర్చోడు, ఏ కంపెనీ కూడా కూర్చోదు. ఆ పని ప్రభుత్వమే చేయాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియా వాళ్లు ఈ విషయంలో నయం. 2021 సెప్టెంబర్‌లో చెప్పి 2023 చివరికి ఆపారు, రెండేళ్లకు పైగా టైమిచ్చారు, కార్మికులకీ ఊళ్లకీ 80 మిలియన్ డాలర్ల ప్యాకేజీ పెట్టి, వేరుగా 350 మిలియన్లు పైన్ తోటలకి పెట్టారు. పైన్ గట్టి చెక్కకి బదులు కాదు గాని కనీసం ముందు చెప్పి, డబ్బు చూపించి ఆపారు.

తోట ముందు, నిషేధం తర్వాత అన్నావు చూడు, ఆ ఒక్క మాట మాత్రం నాకు నచ్చింది.

క్రైస్ట్‌చర్చ్_పద్మ

న్యూజిలాండ్ సంగతి కూడా కలుపుతాను, చిన్నగా. ఇక్కడ దక్షిణ దీవి పడమటి తీరంలో 2000 ప్రాంతంలో హెలెన్ క్లార్క్ ప్రభుత్వం ప్రభుత్వ భూముల్లో సహజ అడవి నరకడం ఆపింది. బదులుగా ఆ ప్రాంతానికి 120 మిలియన్ డాలర్లు ఇచ్చారు, అందులో ఎక్కువ భాగం ఒక ట్రస్టులో పెట్టారు. ఆ ట్రస్టు ఇప్పటికీ నడుస్తోంది, స్థానిక వ్యాపారాలకి అప్పులిస్తుంది. డబ్బు ఆ ఊళ్ల చేతిలోనే ఉండడం నాకు నచ్చిన విషయం. కానీ పాతవాళ్లతో మాట్లాడితే కోపం ఇంకా అలాగే ఉంది, "మమ్మల్ని అడగలేదు" అంటారు. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఆ కోపం పోలేదు. మీ దగ్గరైనా మిల్లు వాళ్లని, లారీ వాళ్లని గదిలో కూర్చోబెట్టి మాట్లాడారా అన్నది తెలుసుకోండి.

అడవి_విద్యార్థి (ఆర్మిడేల్)

పద్మ గారూ, సంప్రదింపుల కోసం పరిశ్రమ వాళ్లతో, సంఘాలతో, గుంబయింగిర్ వాళ్లతో కమిటీలు వేశారు. దానికే రెండేళ్లకు పైగా పట్టింది, ఆ రెండేళ్లూ నరుకుతూనే ఉన్నారు. పార్కు అని మాట ఇచ్చిన అడవిలోనే. బెల్లింజెన్ వైపు జనం దారులకి అడ్డంగా కూర్చున్నది అందుకే. ఇంజనీర్ గారూ, "ఒక్క రోజులో ఆపారు" అనే కోపం నాకర్థమవుతుంది, కానీ తేదీ ముందుగా చెప్పి ఉంటే ఆ తేదీ లోపల మంచి చెట్లన్నీ కొట్టేసేవాళ్లు. మిన్స్ గారి లేబర్ పార్టీ ఈ పార్కు మాట మొదట ఇచ్చింది 2015 ఎన్నికల్లో. రాబోతోందని తెలియదు అని పరిశ్రమ అనడానికి లేదు.

1982లో నెవిల్ రాన్ ప్రభుత్వం ఈ రాష్ట్రంలో వర్షారణ్యాల్ని నరకకుండా కాపాడాలని నిర్ణయించినప్పుడు కూడా ఊళ్లు ఖాళీ అయిపోతాయన్నారు. ఇవాళ డోరిగో వర్షారణ్యంలో నడిచే ఎవరూ ఆ నిర్ణయం తప్పని అనరు. పనిలో పని, చట్టం ఇంకా రాలేదని కూడా గుర్తుపెట్టుకోండి. అడవి కొట్టకుండా ఉంచినందుకు కార్బన్ క్రెడిట్లు (గాలిలోకి వెళ్లే కార్బన్ తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోగలిగే పత్రాలు) వచ్చే పద్ధతి కేంద్రం దగ్గర ఖరారై, అందులో ఈ పార్కు నమోదయ్యాకే పూర్తి పార్కు అంటున్నారు. నాకు అది నచ్చలేదు. గ్లైడర్ తొర్రని క్రెడిట్ల ధరకి ముడిపెట్టకూడదు, రేపు ఆ పద్ధతి కుదరకపోతే ఏం చేస్తారు?

ట్రారల్గన్_లక్ష్మి

విద్యార్థి గారూ, ముందే చెప్తే చెట్లు కొట్టేస్తారనేది నిజమే కావచ్చు. అయితే సోమవారం నరకడం ఆపండి, కానీ ఆ సోమవారమే ఎవరికి ఎంత అన్న కాగితం కూడా చేతిలో పెట్టండి. రెండూ ఒకేరోజు చేయొచ్చు. డ్రోన్లతో కోఆలాలని లెక్కపెట్టడానికి టైము దొరికింది, లారీలని లెక్కపెట్టడానికి దొరకలేదా?

ఇంజనీర్ గారూ, మీ పక్కింటాయన కోసం ఒక ఉపాయం. మా లాట్రోబ్ వ్యాలీలో 2017 మార్చిలో హేజల్‌వుడ్ పవర్ స్టేషన్ మూసినప్పుడు ఒక పథకం పెట్టారు. పక్క పవర్ స్టేషన్లలో రిటైర్మెంట్ దగ్గరున్నవాళ్లకి ముందే వెళ్లడానికి డబ్బిచ్చి, ఆ ఖాళీల్లోకి హేజల్‌వుడ్ వాళ్లని తీసుకున్నారు. అందరికీ దొరకలేదు, కానీ దొరికినవాళ్లకి అదే రకం పని, అదే స్థాయి జీతం. మీ దగ్గర ఇరవైలో ఆరు పోతే పద్నాలుగు మిల్లులు మిగులుతాయి, తోటల్లో కోత ఆగలేదు, పైగా మీ బైపాస్ పని మీ కళ్ల ముందే ఉంది. మట్టి తోలే లారీలు అక్కడ కావాలా వద్దా మీకే తెలుసు.

ఆయన్ని ముందు చేయమనాల్సింది, గత మూడేళ్ల బిల్లులు, ఏ అడవి నుంచి ఏ మిల్లుకి తోలాడో ఆ డాకెట్లు (ట్రిప్పు రసీదులు), లోను కాగితాలు ఒకచోట పెట్టుకోవడం. మా దగ్గర సొంత లారీ వాళ్లు వెనకబడిపోయింది అక్కడే, పని చేశామని తెలుసు గాని చూపించడానికి కాగితం లేదు. డాకెట్లు ఆయన పారేసి ఉంటే మిల్లు కాటా దగ్గర కాపీలు ఉంటాయి, మిల్లు మూతపడకముందే అడిగి తెచ్చుకోమనండి.

బైపాస్_ఇంజనీర్ (కాఫ్స్ హార్బర్)

లక్ష్మి గారూ, ఈ డాకెట్ల మాట ఇవాళ సాయంత్రమే ఆయనకి చెప్తాను. మా సైట్‌లో లారీల కాంట్రాక్టు చూసేవాళ్లని కూడా అడుగుతాను, దుంగల ట్రైలర్ తీసేసి టిప్పర్ తగిలించుకోవడానికి ఎంతవుతుందో ముందు కనుక్కోవాలి.

ఓటు విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను. పార్కు ఉండాలి. మా నియోజకవర్గం అభ్యర్థులు గుమ్మం దగ్గరకి వచ్చినప్పుడు కోఆలాల గురించి అడగను, వాటి గురించి అందరూ బాగానే మాట్లాడతారు. సొంత లారీ, సొంత యంత్రం ఉన్నవాళ్ల లోన్లకి ఏం చేస్తారు, గట్టి చెక్క తోటలకి ఎన్ని హెక్టార్లు, ఏ ఏడాది నుంచి వేస్తారు, ఈ రెండే అడుగుతాను. ఉత్తర తీరంలో ఉన్న తెలుగువాళ్లు ఇంకెవరైనా ఇది చదువుతుంటే మీరూ అడగండి.